సీలు వేసిన సీసా

ఫిబ్రవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

బాగున్నావా అని అడగను. బాగుంటే నేనీ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

నిన్న మరదలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నా చెవులకు ఫోన్ ఎక్కదు కాబట్టి ఆ పిచ్చితల్లి నాలుగు పేజీల్లో ఏడ్చింది. నువ్వు రేవులో క్రేన్ ఎక్కి కూర్చుని తాగుతున్నావట. నీ సంచిలో సీసా దొరికిందట. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని కాగితం చేతికిచ్చి పంపారట. ముప్పయ్యొక్క ఏళ్లు ఒక్క మాట పడకుండా పనిచేశావు. ఇంకో రెండేళ్లు ఓపిక పడితే మర్యాదగా ఇంటికొచ్చేవాడివి. ఇదేం పోయేకాలం రా నీకు?

అంత ఎత్తున కూర్చుని ఓడల్లోంచి ఇనప పెట్టెలు దించే మనిషి తాగి ఉంటే, కింద నిలబడ్డవాళ్ల గతి ఏమిటి? వాళ్లకు పెళ్లాం పిల్లలు లేరా? అది తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోతోంది.

అసలు నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మీ బావ పోయి ఏడాదైన రోజున మా ఇంటికొచ్చావు కదా. భోజనానికి కూర్చుని లేచేలోపు మూడుసార్లు పెరట్లోకి వెళ్లావు. వెళ్లినప్పుడల్లా పది నిమిషాలు. ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నావేమో అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది ఎందుకో. మీ బావ ఫొటోకి ఎదురుగా కూర్చుని తింటూ, మధ్యమధ్య వెళ్లి గొంతులో పోసుకొచ్చావన్నమాట!

మరదలు అడిగితే నువ్వు నోరు విప్పలేదట. "కాదు అని ఒక్క మాట అన్నా నమ్మేదాన్ని వదినా" అని రాసింది. ఆ ఒక్క మాట అనడానికి నీకేం అడ్డొచ్చింది?

బళ్లో ముప్పయ్యారేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు తప్పయితే ఎంత దూరం నుంచైనా కనిపెడతాను. ఉన్నదున్నట్టు రాయి.

నీ అక్క


ఫిబ్రవరి 15

అక్కకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ చెంప మీద కొట్టినట్టే ఉంది. పరాయివాళ్లు అన్నారంటే సరే. నువ్వు కూడానా? నన్ను ఎత్తుకుని పెంచినదానివి, నేను తాగుతానని ఎలా అనుకున్నావక్కా?

ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. చదివి చింపెయ్యి. ఆ సీసాలో ఉన్నది సారా కాదు. నా మూత్రం.

ఇప్పుడు నవ్వుకో.

ఏడాదిన్నర నుంచి ఇంతే. గంటకోసారి వస్తుంది. వచ్చినట్టే ఉంటుంది, నిలబడితే రాదు. వచ్చినా దారంలా వచ్చి, ఆగి, మళ్లీ వస్తుంది. అయిపోయిందని ఇవతలికి వస్తే మళ్లీ మొదలు. ఇంట్లో అయితే ఎలాగో సర్దుకుంటాను. నా క్రేన్ క్యాబిన్ నూట తొంభై రెండు మెట్ల పైన ఉంది. లిఫ్టు పాడై పద్నాలుగు నెలలైంది. బాగుచేయించమని మేం రాసిన కాగితాలు పేరిస్తే అదే ఇంకో క్రేన్ అంత ఎత్తు అవుతుంది. దిగి, ఆ చివర గోదాము వెనకాల ఉన్న మరుగుదొడ్డికి నడిచి, మళ్లీ ఎక్కేసరికి అరగంట. మా సూపర్‌వైజరు ఒకడున్నాడు, మేం గడియారం అని పిలుస్తాం. ఎవరు ఎన్నిసార్లు దిగారో పుస్తకంలో రాస్తాడు. పూటకు రెండుసార్లకు మించి దిగితే సంజాయిషీ. నాకు ఒక్క నెలలో పదకొండు సంజాయిషీ నోటీసులు ఇచ్చాడు. పదకొండోసారి అందరి ముందూ, "ఏం మావయ్యా, కింద ఎవరినైనా పెట్టావా?" అన్నాడు. ఆ మర్నాటి నుంచే పళ్లరసం తాగేసిన సీసా ఒకటి సంచిలో వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాను. మంచినీళ్లు తాగడం కూడా మానేశాను.

పోయిన నెల ఇరవై ఆరున దిగుతుంటే సంచి లాక్కుని చూశాడు. పసుపు రంగు చూసి సారా అని తేల్చేశాడు. గొట్టంలో ఊదమన్నారు. ఊదాను. ఏమీ చూపించలేదు. మిషను చెడిపోయింది అన్నాడు! నా సీసాకి గుడ్డ చుట్టి, లక్క వేసి, ముద్ర కొట్టి, సాక్ష్యం అని చీటీ అంటించి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ముప్పయ్యొక్క ఏళ్లలో ఒక్క పెట్టె జారనివ్వని చేతులక్కా ఇవి. వాటికి దక్కిన మర్యాద ఇదీ.

నిజం చెప్పొచ్చు కదా అంటావు. ఎవరికి చెప్పను? ఆ గడియారానికా? మీ మరదలికా? తాగుబోతు మొగుడంటే నాలుగిళ్లలో ఉంటాడు. ఒంటేలు ఆగని మొగుడు అనిపించుకోమంటావా? ఇది వయసు. అంతకు మించి ఏమీ లేదు. నువ్వు మీ మరదలికి మాత్రం రాయొద్దు. ఇది నా మాట.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 20

తమ్ముడూ,

తాగుతున్నావని అన్నందుకు నాది తప్పు. చెంపలు వేసుకుంటున్నాను. ఇక నీ తప్పు విను.

తాగుబోతు అనిపించుకోవడానికి సిగ్గుపడవు, ఒంట్లో బాగాలేదు అని చెప్పుకోవడానికి సిగ్గుపడతావు. ఈ బుద్ధి మగవాళ్లందరికీ ఏ బళ్లో నేర్పిస్తారు రా? ఆ బడి ఎక్కడుందో చెప్పు, వెళ్లి తలుపులు మూయించి వస్తాను.

మీ బావ స్నానాలగదిలోకి వెళ్తే కుళాయి తిప్పి వదిలేసేవాడు. నీళ్లు వృథా అవుతున్నాయని నేను బయటి నుంచి అరిచేదాన్ని. రెండేళ్లు అరిచాను. ఎంతసేపు నిలబడాల్సి వస్తోందో నాకు వినపడకూడదని తిప్పేవాడని నాకేం తెలుసు? నా చెవులు అప్పటికే సగం పోయాయి, ఆయన ఆ కష్టం కూడా పడక్కర్లేదు. కాళ్లు వాచి, అన్నం సయించక, మనిషి తేలిపోయాక ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి పెద్ద డాక్టరు స్కానింగు చూసి నన్ను అడిగాడు, "మూత్రం సరిగ్గా రావట్లేదని ఎన్నేళ్లుగా చెబుతున్నారమ్మా?" అని. ఎప్పుడూ చెప్పలేదన్నాను. ఆయన నమ్మలేదు. పక్కన పడుకునే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది అన్నట్టు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నా ఒంటి మీద ఉంది.

మూత్రసంచి ఎప్పుడూ నిండే ఉండి, మూత్రం వెనక్కి ఎగదన్ని రెండు కిడ్నీలూ ఉబ్బిపోయాయి. మీకందరికీ కిడ్నీ జబ్బు అనే చెప్పాను, అసలు సంగతి చెప్పలేదు. ఆయన దాచుకున్నదాన్ని నేనెందుకు బయటపెట్టాలి అనుకున్నాను. నీ ఉత్తరం చూశాక, దాచి ఎంత పాపం చేశానో తెలిసింది. నువ్వు రాసిన ప్రతి ముక్కా ఆయన ఒంట్లో జరిగిందే.

ఒక్క మనిషికి, ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ఈపాటికి వరండాలో కూర్చుని పేపరు చదువుతూ నన్ను విసిగిస్తూ ఉండేవాడు.

రేపే వెళ్లి డాక్టరుకు చూపించు. మరదలికి నీ నోటితో చెప్పు. పది రోజులు టైమిస్తున్నాను. పదకొండో రోజున నేనే రాస్తాను, నీ మాటా లేదు గీటా లేదు.

నీ అక్క


మార్చి 1

అక్కకు,

డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. కోప్పడకుండా చివరిదాకా చదువు.

నాతో క్రేన్ నడిపే పొడుగాయన ఒకడున్నాడు. ఎవరికో ఉన్నట్టు చెప్పి, ఆయన్ని అడిగాను. అది క్యాన్సరు తప్ప ఇంకోటి కాదన్నాడు. కోసి తీసేస్తారట, ఆ తర్వాత మగాడు మగాడిగా ఉండడట. వాళ్ల బంధువుకు అలాగే అయిందట. నువ్వూ ఆ ఉద్దేశంతోనే రాశావని నాకు అర్థమైంది. నేను చావడానికి సిద్ధంగా ఉన్నాను. కోయించుకోవడానికి లేను.

అయినా నేను వెళ్లకపోవడానికి అసలు కారణం అది కాదు. నీ ఉత్తరంలో ఒక మాట ఉంది. ఒక్క మనిషికి చెప్పి ఉంటే అని.

చెప్పాడక్కా. నాకు చెప్పాడు.

నాలుగేళ్ల క్రితం మీ అత్తగారి పొలం కాగితాల పని మీద మేమిద్దరం అద్దె కారులో వెళ్లాం, గుర్తుందా? దారిలో ఐదుసార్లు ఆపించాడు. ఐదోసారి గోడవైపు తిరిగి నిలబడి ఎంతకీ రాడు. వెనక లారీవాడు హారన్ మీద హారన్. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం బావా, ఆ గోడకి కథ చెబుతున్నావా?" అని నవ్వాను. డ్రైవరూ నవ్వాడు. కారెక్కి కిటికీ అద్దం పైకెత్తాడు. ఆ తర్వాత మెల్లగా చెప్పాడు, అంతా. రావట్లేదని, మండుతోందని, భయంగా ఉందని. నేనేమన్నానో తెలుసా? "వయసు బావా. అందరికీ ఉండేదే." అంతే అన్నాను. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. నేను వేశాను. ఆ తర్వాత ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆయన పోయినప్పుడు మీరంతా కిడ్నీలు అన్నారు. నాకు లోపల ఒక అనుమానం. అది అదేనేమో అని. ఇప్పుడు నువ్వు అదే అని రాశావు.

ఇప్పుడు నేను ఆసుపత్రికి వెళ్లాననుకో. ఇది మాత్రలతో లొంగేదే, ముందొస్తే చాలు అని వాళ్లన్నారనుకో. ఇక నీ ముఖం ఎలా చూడను? అందుకే వెళ్లలేదు. నాకు ఏమైనా ఫరవాలేదు అనిపిస్తోంది.

నీ తమ్ముడు


మార్చి 8

ఉత్తరం అందింది.

నాలుగేళ్లు. నువ్వు మా ఇంటికి ఆరుసార్లు వచ్చావు, నా చేతి అన్నం తిన్నావు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఎలా వచ్చిందో ఈ జబ్బు అని నేను తల బాదుకుంటుంటే నా పక్కన బెంచీ మీద కూర్చున్నావు.

మరదలికి రాయను. నువ్వు చెప్తావో చెప్పవో నీ ఇష్టం. నాకు ఇక రాయకు.


మార్చి 19

అక్కకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా పారేసినా సరే.

ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. పోయిన వారం జలుబు చేసింది. మందుల షాపులో అడిగి జలుబు మాత్రలు వేసుకున్నాను, రెండ్రోజుల్లో ఆరు. ఆదివారం పొద్దున లేచేసరికి ఒక్క చుక్క రాదు. తొమ్మిదయింది, పదకొండయింది. కడుపు గట్టిపడి డోలులా అయింది. నిలబడలేను, కూర్చోలేను, గోడ పట్టుకుని వంగిపోయాను. మధ్యాహ్నానికి మీ మరదలు తలుపు విరగ్గొట్టినంత పని చేసింది. నేను చెమటల్లో తడిసి నేల మీద ఉన్నాను. "ఎంత తాగావు? ఏం తాగావు?" అని ఏడుస్తోంది. అప్పుడు చెప్పానక్కా. తాగలేదే, ఒంటేలు రావట్లేదే, ఏడాదిన్నర నుంచీ ఇంతే, చచ్చిపోతున్నానే అని. ఆ మాట బయటికి రావడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది.

అది ఒక్క క్షణం నా వంక చూసింది. ఆటో పిలిపించి, నన్ను భుజాన వేసుకుని ఎక్కించింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. "నెలన్నర! నెలన్నర నుంచి నువ్వు తాగుతున్నావని నేను అన్నం తినకుండా ఏడుస్తుంటే, చూస్తూ కూర్చున్నావు. నీకంటే ఆ క్రేనుకి జాలి ఎక్కువ!" ఆటోవాడు వెనక్కి తిరిగి, ఆగమ్మా పాపం అన్నాడు. నువ్వు ముందు చూసి నడుపు అని వాడినీ తిట్టింది.

ఇక్కడ డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది. వేరే డాక్టరు లేరా అని అడిగాను. "ఉన్నారు, గంటన్నరలో వస్తారు. ఆగగలరా?" అంది. ఆగలేనన్నాను. సన్నటి గొట్టం వేసింది. లీటరు పైన వచ్చిందక్కా. నేను పసిపిల్లాడిలా ఏడ్చాను. నొప్పికి కాదు, పోయినందుకు.

సాయంత్రం కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మూత్రసంచి మెడ దగ్గర ప్రోస్టేట్ అని చిన్న గ్రంథి ఉంటుందట, మగవాళ్లందరికీ. మూత్రం వచ్చే దారి దాని నడిమి నుంచే వెళ్తుందట. వయసు పైబడేకొద్దీ అది పెరుగుతుంది, పెరిగి ఆ దారిని నొక్కేస్తుంది. సంచి ఎంత బలంగా తోసినా పూర్తిగా ఖాళీ కాదు. అందుకే మాటిమాటికీ వచ్చినట్టుంటుంది. జలుబు మాత్రలు ఆ మెడని ఇంకా బిగించేశాయట. షాపువాడు నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు.

క్యాన్సరా అని అడిగాను. "ఇది పెరగడం వేరు, క్యాన్సరు వేరు. రెండూ ఒకటి కాదు. అయినా పరీక్ష చేసి చూస్తాం" అంది. వేలు పెట్టి చూసింది, అది నీకు రాయను. రక్తం తీసుకుంది. వయసే కదమ్మా అన్నాను. అప్పుడు ఆ పిల్లకి కోపం వచ్చింది. "వయసుతో వస్తుందండీ. వయసని వదిలేయమని ఎవరు చెప్పారు మీకు? చూపు మందగిస్తే వయసని గుడ్డిగా తిరుగుతారా? అద్దాలు పెట్టుకోరూ?" అంది.

ఇంకో ప్రశ్న మీ మరదలు అడిగింది, పొడుగాయన చెప్పిన సంగతి. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అంత భయపడాల్సింది లేదని, ముందు మాత్రలేనని, అవసరమైతే చేసే ఆపరేషనుకి కూడా కోత ఉండదు, దారిలోంచే చేస్తారని చెప్పింది. మిగతాది విడమరిచి చెబుతుంటే దుప్పటి కప్పుకున్నాను.

బావ సంగతి కూడా అడిగానక్కా. రిపోర్టులు చూడకుండా చెప్పలేనంది. కానీ ముందే వచ్చినవాళ్లలో చాలామందికి కిడ్నీల దాకా పోదు అంది. నేను భయపడ్డ మాటే అంది. విన్నాను. విన్నా బతికే ఉన్నాను. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

నీ తమ్ముడు


మార్చి 27

తమ్ముడూ,

పారేయలేదు. చదివాను.

ముందు నువ్వు నాకో సంగతి చెప్పు. మరదలు ఒక కార్డు ముక్క రాసింది. అందులో "క్యాన్సరు పరీక్ష ఎక్కువ వచ్చింది" అని ఒక్క వాక్యం. ఎంత ఎక్కువ, దాని అర్థమేంటి, ఏమీ లేదు. మూడు రోజులుగా నాకు ముద్ద దిగట్లేదు. నీ మీద కోపంగా ఉన్నప్పుడు నువ్వు చచ్చిపోకూడదు, తెలిసిందా? అది చాలా అన్యాయం.

ఆ కోపం సంగతి కూడా చెప్తాను. నువ్వు నవ్వావని కాదు. ఒట్టు వేశావని కూడా కాదు. నీకు తెలివిలేదు, చిన్నప్పటి నుంచీ లేదు. నా కోపం ఆయన మీద. ఏడాదికి రెండుసార్లు కనిపించే బావమరిదికి చెప్పుకున్నాడు, ముప్పయ్యెనిమిదేళ్లు పక్కనున్న నాకు చెప్పలేదు. నేనేం చేశానని? వెక్కిరిస్తాననుకున్నాడా? వీధిలో చాటిస్తాననుకున్నాడా? చచ్చిపోయిన మనిషితో ఎలా పోట్లాడను? బతికున్నవాడివి నువ్వు దొరికావు, నీతో పోట్లాడాను.

ఆయన నీకు చెప్పినప్పుడు ఏమన్నాడో, మాటకు మాట రాయి. నాకు చెప్పొద్దన్నాడు కదా, ఎందుకన్నాడు? నొచ్చుకుంటానని తగ్గించి రాయకు.

ఇక ఆ విచారణ. ఎవరో వచ్చి నీ తరఫున మాట్లాడతారని చూడకు. అది సారా కాదు, మూత్రం అని నువ్వే చెప్పు. గట్టిగా చెప్పు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. మనిషిని అంత ఎత్తుకెక్కించి, లిఫ్టు బాగుచేయించకుండా, ఎన్నిసార్లు దిగాడో లెక్కపెట్టినవాళ్లు సిగ్గుపడాలి.

అక్క


ఏప్రిల్ 12

అక్కకు,

ముందు ఆ పరీక్ష. రక్తంలో ఏదో అంకె ఉండాల్సిన దానికంటే పైన ఉంది. గ్రంథి పెరిగినా, దారి మూసుకుపోయినా, గొట్టం వేసినా కూడా అది పైకి పోతుందట. అందుకే డాక్టరమ్మ ఆరు వారాలాగి మళ్లీ చూద్దామంది. అప్పటికీ తగ్గకపోతే ఇంకా లోతుగా చూస్తారు. అంతవరకూ క్యాన్సరు అని ఎవరూ అనలేదు. మీ మరదలు సగం విని కార్డు రాసింది. కిడ్నీలు బాగున్నాయట. ఆ మాట విన్నప్పుడు సంతోషించడానికి కూడా సిగ్గేసింది.

గొట్టం మొదటిసారి తీస్తే మళ్లీ ఆగిపోయింది. ఇంకో వారం పెట్టుకుని తిరిగాను, ప్యాంటు లోపల సంచి కట్టుకుని. రెండోసారి తీశాక వచ్చింది. దారి వదులు చేసే మాత్ర ఒకటి, గ్రంథిని కుదించేది ఇంకొకటి. రెండోది పనిచేయడానికి ఆరు నెలలు పడుతుందట. మొదటిది వేసుకున్న కొత్తలో గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని కొన్నాళ్లు క్రేన్ ఎక్కొద్దని రాసిచ్చింది. వీటితో చాలకపోతే ఆపరేషను. చేయించుకుంటాను. ఇప్పుడు భయం లేదని కాదు, భయపడుతూ చేయించుకుంటాను.

విచారణ పోయిన మంగళవారం. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు, పక్కన టైపు చేసే ఆవిడ, గోడవార మా క్రేన్ వాళ్లు పదిహేను మంది. గడియారం బీరువా తెరిచి, రెండు చేతులతో పట్టుకుని ఆ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్ద ఆఫీసరు అడిగాడు, "ఇందులో ఏముంది?"

"నా మూత్రం" అన్నాను.

గదిలో నవ్వులు. టైపు ఆవిడ చేతులు ఆగిపోయాయి. "టైపు చెయ్యమ్మా, స్పెల్లింగు కష్టమేం కాదు" అన్నాను. ఏమైందో తెలీదక్కా, ఇక నోరు ఆగలేదు. ఆసుపత్రి కాగితాలు బల్ల మీద పరిచాను. "నాకు ప్రోస్టేట్ పెరిగింది. యాభై దాటిన మగవాళ్లలో బోలెడు మందికి పెరుగుతుంది, రేపు మీకూ పెరగొచ్చు. నూట తొంభై రెండు మెట్లు. పద్నాలుగు నెలలు దాటి పదహారో నెల, లిఫ్టు లేదు. ఎన్నిసార్లు దిగానో రాసుకున్నారు, ఎందుకు దిగానో ఒక్కరు అడిగారా? నీళ్లు తాగకుండా ఎండలో తొమ్మిది గంటలు కూర్చున్నాను. మీ పెట్టె ఒక్కటి జారనివ్వలేదు. సీలు తీయించండి, ఏ పరీక్షకైనా పంపించండి. సారా అని తేలితే ఇప్పుడే ఇంటికి పోతాను."

పెద్ద ఆఫీసరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. గడియారం "అది కాదండీ" అంటూ మొదలుపెట్టాడు. అప్పుడు పొడుగాయన లేచి నిలబడ్డాడు. "నాకూ ఉంది" అన్నాడు. అంతే. తల దించుకుని నిలబడ్డాడు. బంధువు పేరు పెట్టి చెప్పింది తన భయమేనక్కా! ఆ తర్వాత వెనక వరసలో ఇద్దరు లేచారు. మేం నలుగురం ఏళ్ల తరబడి ఒకే బల్ల మీద టీ తాగుతున్నాం.

ఆరోపణ కొట్టేశారు. కానీ కడుపు మండే సంగతి విను. "క్యాబిన్‌లోకి అనుమతి లేని సీసా తీసుకెళ్లినందుకు" నాకు హెచ్చరిక రాసిచ్చారు! సిగ్గుపడాల్సింది వాళ్లని నువ్వన్నావు, ఆ సిగ్గే వాళ్లకి లేదు. నేను సంతకం పెట్టలేదు. పెట్టనని రాసిచ్చాను. క్రేన్ అడుగున మరుగుదొడ్డి కట్టడం మాత్రం నిన్న మొదలుపెట్టారు. లిఫ్టు సంగతి పరిశీలిస్తారట.

ఇక బావ మాటలు. తగ్గించకుండా రాస్తున్నాను. ఆయన ఇలా అన్నాడు: "మీ అక్కకి చెప్పకురా. మా అమ్మ మంచం పట్టిన ఆరేళ్లూ ఆవిడ మలమూత్రాలు ఎత్తింది. అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఇప్పుడిప్పుడే మధ్యాహ్నం పూట ఒక గంట పడుకుంటోంది. మళ్లీ నా మూత్రం ఎత్తమని ఎలా చెప్పను?" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. అది చూసే నేను ఒట్టు వేశాను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 24

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రోజూ కలం పట్టుకుంటాను, కోపం వచ్చి పెట్టేస్తాను.

నేను పడుకునే గంట కోసమట! ఎవరడిగారు రా ఆయన్ని? నా అలసట నాకు చెప్పకుండా ఆయనే కొలిచేసి, ఆయనే తీర్పు చెప్పేసి, ఆయనే వెళ్లిపోయాడు. ఇప్పుడు నాకు మధ్యాహ్నమంతా ఖాళీ. పడుకుంటే నిద్ర రాదు. నా మీద ప్రేమతోనే చేశాడని నాకు తెలుసు. అదే నాకు ఎక్కువ మండుతోంది. ఆయన్ని తిట్టడానికి కూడా లేకుండా చేశాడు.

నిన్ను క్షమించానని అనుకోకు. ఇంకా కోపంగానే ఉన్నాను. కోపంగా ఉన్నవాళ్లు ఉత్తరాలు రాసుకోకూడదని ఎక్కడా లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ హెచ్చరిక మీద సంతకం పెట్టకపోవడం మంచి పని. పెట్టి ఉంటే నేనే వచ్చి ఆ ముగ్గురికీ క్లాసు తీసుకునేదాన్ని.

మా ఎదురింట్లో దర్జీ ఒకాయన ఉన్నాడు, భార్య పోయి పదేళ్లు. మిషను మీద కూర్చుంటాడు, నాలుగు కుట్లు వేస్తాడు, లేచి లోపలికి పోతాడు. ఇన్నేళ్లుగా నా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏనాడూ పట్టించుకోలేదు. మొన్న సోమవారం రవికె ఒకటి ఇచ్చే నెపంతో వెళ్లి, నేరుగా అడిగేశాను. "అన్నయ్యా, నీకు ఒంటేలు సరిగ్గా వస్తోందా?" అని. నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా అడిగానో ఏమో, వీధిలో పోయే మనిషి ఆగాడు. దర్జీ ముఖం కత్తిరించిన గుడ్డలా తెల్లబోయింది. మెడలో టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు. చివరికి నా వంక చూడకుండా, వినపడదని తెలిసి, కొలతలు రాసుకునే పుస్తకంలో రాసి చూపించాడు. "మూడేళ్లుగా లేదమ్మా."

గురువారం ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాను. వరసలో ఇద్దరం రెండు గంటలు కూర్చున్నాం. అక్కడ పేర్లు రాసుకునే అమ్మాయి నా వంక చూసి ఏదో అడిగింది. వినపడలేదంటే కాగితం మీద రాసింది, పేషెంటుకు మీరేమవుతారు అని.

ఏమీ కానమ్మా అన్నాను. ఏమీ కాను కాబట్టే నాకు చెప్పాడు.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. గళ్లు ఖాళీగా వదలకూడదని మళ్లీ రాసింది. సరే, పక్కింటావిడ అని రాసుకో అన్నాను. దర్జీ నన్ను గిల్లి, ఎదురింటావిడ అని దిద్దించాడు.

ఆయన్ని లోపలికి పిలిచారు. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, నన్ను కూడా రమ్మని చెయ్యి ఊపాడు. వెళ్లాను.

నీ అక్క